పేరంటాలికి మొహం వేయని మా అత్త

మా అత్త పోయిందన్న కబురు ఫోనులో వచ్చింది. విరుదునగర్‌లో ఆమె అద్దెకున్నది మేడ మీద, కింద ఇంటివారుంటారు. ఆ ఇంటామె పొద్దున్నే కాఫీకి పిలిచిందట. పలకలేదట. పైకి వెళ్ళి చూస్తే అత్త కుర్చీలో కూర్చుని ఉందట, తల ఒక పక్కకు వాలిపోయి.

"కూర్చుని ఉన్నారా? సరిగ్గా చూశారా?" అని అడిగాను. చావు కబురు చెప్పిన మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది. కానీ మా అత్త కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. నిద్రపోతే పడుకునేది, లేస్తే నిలబడేది. మధ్యలో ఇంకో స్థితి ఉందని ఆమె ఒప్పుకున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు.

కోవిల్‌పట్టిలో బస్సెక్కాక నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. సాత్తూరు బస్టాండులో దోసకాయలమ్మే ఆడవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి పోయారు. బస్సు కదిలాక అడిగాడు.

"కుర్చీలోనా?"

"ఆ, నాయనా."

"మంచంలో కాదు కదా?"

"కాదంట."

ఇంకొంత దూరం పోయాక మళ్ళీ అదే అడిగాడు. నేనూ అదే చెప్పాను. ఆయన అక్కడ జరిగినదాన్ని మనసులో నిలబెట్టుకోలేకపోతున్నాడని తెలిసింది. నేనూ నిలబెట్టుకోలేకపోతున్నాను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. బళ్ళో ఆమె డ్రాయింగ్ టీచర్, మా ఇంట్లో అత్త, మా నాయనకు అక్క. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. తెలుగు మాకు ఇంటి మాట. గడప దాటితే తమిళమే. మావాళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు బహు తక్కువ, అత్తకూ రాదు. నేను పెళ్ళయి కొన్నేళ్ళు చిత్తూరులో ఉన్నాను కనుక నేర్చుకున్నాను. తమిళంలో రాసి ఉంటే, బతికున్న రోజుల్లోనైతే, ఆమె పెన్సిలు పట్టుకుని తప్పులు దిద్దేది. ఈ అక్షరాల్లో రాస్తే దిద్దలేదు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

అత్తను విరుదునగర్‌లో మిరపకాయల మండీ ఉన్న ఇంట్లో ఇచ్చారు. మామ తొందరగా పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చేయమంటే రాలేదు. చదువుకుని ఆడపిల్లల బళ్ళో డ్రాయింగ్ టీచరుగా చేరింది. పగలు పిల్లలకు మామిడికాయ, కుండ, నెమలి వేయడం నేర్పేది. సాయంత్రం మేడ మీద తన బొమ్మలు వేసుకునేది. వాటిలో మామిడికాయ ఉండదు, కుండ ఉండదు, నెమలీ ఉండదు. రంగు మాత్రమే ఉంటుంది. ఒక రంగు కింద నుంచి ఇంకో రంగు బయటికి రావాలని చూస్తున్నట్టు, పై రంగు దాన్ని రానివ్వనట్టు ఉంటాయి.

మా చుట్టాలు వాటిని చూసి "అడుగు మాడిన చట్టి" అనేవాళ్ళు. అత్తకు కోపం వచ్చేది కాదు.

"ఔ, మాడిందే. ఎవురు మాడ్చినారో అది అడగండి," అనేది.

ఆమె బొమ్మ వేయడం చూస్తే మనకు కాళ్ళు నొప్పులు పుడతాయి. ఒక్క పూత పూసి మేడ ఆ చివరికి నడిచిపోయేది. అక్కడి నుంచి తిరిగి చూసేది. వచ్చి ఇంకో పూత. మళ్ళీ పోయేది. అన్నం తినేటప్పుడూ అంతే. పళ్ళెం చేతిలో పట్టుకుని ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరుగుతూ తినేది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడేది. కండక్టరు "ఉక్కారుంగమ్మా" అని, కూర్చోమని ఎంత చెప్పినా వినేది కాదు. "కూర్చుంటే కన్ను నిద్రపోతాది" అన్నది ఆమె వాదం.

అలాంటి మనిషికి, జనం కుదురుగా కూర్చుని దణ్ణం పెట్టుకునే గది ఒకటి అప్పజెప్పారు. అప్పజెప్పింది మా నాయనే.

కోవిల్‌పట్టికి కొంత దూరాన, నల్లరేగడి చేలల్లో మా వంశానికి పేరంటాలి ఇల్లు ఒకటి ఉంది. పేరంటాలు అంటే మా ఇంటికి కోడలుగా వచ్చి, మొగుడు చనిపోతే ఆయనతోపాటు చితి ఎక్కిందని చెప్పుకునే ఆడమనిషి. ఎన్ని తరాల కిందటి మాటో ఎవరికీ తెలియదు. ఆమెకు విగ్రహం లేదు. ఒక దీపం, ఒక చీరల పెట్టె, నాలుగు గోడలు. శివరాత్రి నాడు వంశమంతా అక్కడ చేరుతుంది. పెట్టె తెరిచి, కిందటేడు పెట్టిన చీరను ఇంటి పెద్ద కోడలికి ఇచ్చి, కొత్త చీర పెడతారు. పెట్టెను చూసుకునే ముసలామెను అందరూ పెట్టె అవ్వ అంటారు.

పాత మట్టి గది ఒక వానాకాలం కూలిపోయింది. అందరూ కలిసి ఇటుకలతో కొత్తది కట్టారు. గచ్చు వేశారు, తలుపు పెట్టారు. గోడలు తెల్లగా మిగిలాయి. వంశంలో పెద్దరికం చేసే మా పెద్దనాయన, ఈసారి పేరంటాలి బొమ్మ వేయించాలన్నాడు. ఎర్రచీర, నుదుట ఇంత బొట్టు, చుట్టూ మంట, ఆ మధ్యలో నవ్వుమొహం. శివకాశి నుంచి బొమ్మలు వేసేవాళ్ళను పిలిపిద్దామన్నాడు.

"మన ఇంట్లోనే టీచరమ్మ ఉండగా ఇంకొకరు ఎందుకు?" అన్నాడు నాయన. ఆయనకు అక్క అంటే గర్వం. ఆమె బొమ్మలు అర్థం కాకపోయినా గర్వమే. మదురైలో ఒకసారి నలుగురైదుగురితో కలిపి ఆమె బొమ్మలు ప్రదర్శనకు పెడితే, చొక్కా ఇస్త్రీ చేయించుకుని పోయి, పొద్దంతా తలుపు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకు "మా అక్క, మా అక్క" అని చెప్పాడు.

అత్త ఒప్పుకుంది. ఒప్పుకున్న మరుసటి వారం నుంచి ఊళ్ళో ముసలాళ్ళ ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టింది. నేను ఆదివారాలు ఆమెతో పోయేదాన్ని. ఆమె అడిగేది ఒకటే. ఆయమ్మ పేరేమి? ఏ ఊరి ఆడబిడ్డ? ఎన్నేళ్ళుండె? ఎవరికీ తెలియదు. "పేరంటాలమ్మ" అనేవాళ్ళు, అదే పేరైనట్టు. అత్త తలూపి ఇంకో ఇంటికి నడిచేది.

చివరికి పెట్టె అవ్వ దగ్గరికి పోయాం. అవ్వ అరుగు మీద కూర్చుని పత్తిలో గింజలు తీస్తోంది. అత్త ఎదురుగా నిలబడే అడిగింది.

"అవ్వా, ఆ పొద్దు ఏమి జరిగిందని నీకు ఎవురన్నా చెప్పినారా?"

"మా అత్త చెప్పింది. ఆమెకు ఆమె అత్త చెప్పిందంట."

"ఏమని?"

అవ్వ గింజలు తీయడం ఆపలేదు. "ఆ పొద్దు ఆయమ్మ నీళ్ళు అడిగిందంట."

"ఎప్పుడు? చితి దగ్గరికి పోయేముందా, పోయినాకనా?"

"అది చెప్పలేదు."

"ఇచ్చినారా?"

"అదీ చెప్పలేదు, తల్లీ."

అత్త ఆ వాకిట్లోనే అటూ ఇటూ తిరిగింది. అవ్వ తలెత్తి, "కొంజం కూర్చోవే, నాకు తల తిరుగుతా ఉండాది" అంది. అత్త వినలేదు. ఆ సాయంత్రం బస్టాపుకు నాకంటే ముందు నడిచింది. బస్సు వచ్చాక, మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అంది: "పాపా, నీళ్ళు అడిగిన మనిషిని నవ్వతా ఉన్నట్టు ఎట్లా రాసేది?"

ఆ మాటతో ఆమె ఎక్కడికి వచ్చిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. రెండు వారాలకు గోడ దగ్గరికి పోయి చూస్తే అర్థమైంది. మనిషి ఆకారం గీసిన గుర్తు ఎక్కడా లేదు. మూడు గోడలకూ ముందు సున్నం, దాని మీద రంగు. మజ్జిగ నీళ్ళలా పల్చగా కలిపిన రంగును పాత నూలుగుడ్డతో పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసేది. పక్క గోడలు రెండూ వాన పడ్డాక మా రేగడి ఉండే నలుపు. దీపం వెనక గోడకు మాత్రం లోపల ఎరుపు వేసి, దాని మీద ఆ నలుపే పొరలు పొరలుగా పూసింది. వాకిలి దగ్గర నిలబడి చూస్తే మూడూ ఒకేలా నల్లగా కనిపిస్తాయి. లోపల కూర్చుని, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పడితే, వెనక గోడలోంచి ఎరుపు మెల్లగా బయటికి వస్తుంది. మంట ఎరుపు కాదు, మూసిన కళ్ళ మీద ఎండ పడితే లోపల కనిపిస్తుందే, ఆ ఎరుపు. చూస్తున్నంతసేపూ ఉంటుంది. లేచి నిలబడితే పోతుంది.

ఇది ఆమె పనిచేసేటప్పుడు నేను చెప్పినదే. ఎందుకంటే కూర్చునే పని నాది. "సుమ్మా కూర్చో, ఏం కనిపిస్తాదో చెప్పు" అనేది. సుమ్మా అంటే మా వైపు ఊరికే అని. నేను గచ్చు మీద కూర్చునేదాన్ని. ఆమె బయట చేనుగట్టు మీద నడిచేది. కాసేపటికి వాకిట్లోంచి తల పెట్టి అడిగేది.

"వచ్చిందా?"

"ఇంకా లేదత్తా."

మళ్ళీ నడిచేది. మళ్ళీ తల పెట్టేది.

"ఇప్పుడు?"

"వస్తా ఉండాది. కింద నుంచి."

"కింద నుంచా? పైనుంచి కదా రావాల!" అని లోపలికి వచ్చి, తడిగుడ్డతో అప్పటిదాకా పూసిందంతా తుడిచేసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. అత్తా, అది బాగుండాది కదా అంటే, "బాగుండాల్సిన పనిలేదు. అబద్దం లేకుంటే చాలు" అనేది. తాను పూసిన గోడ ముందు తాను కూర్చుని ఒక్కసారైనా చూసిందా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే. నా కళ్ళతో చూసింది. నేను చెప్పినదాన్ని బట్టి దిద్దింది. నేను తప్పు చెప్పి ఉంటే ఆ గోడ అంతా తప్పే.

శివరాత్రి సాయంత్రానికి వంశమంతా వచ్చింది. సాత్తూరు నుంచి, శ్రీవిల్లిపుత్తూరు నుంచి, వ్యాన్లలో, మోటారు సైకిళ్ళ మీద. పాలకోవా డబ్బాలు, పూలబుట్టలు. తలుపు తీసి దీపం పెట్టారు. పెద్దనాయన గడప దగ్గర నిలబడి చేతులు జోడించి, అట్లాగే చాలాసేపు ఉండిపోయాడు. దణ్ణం పెడుతున్నాడనుకున్నాం. చేతులు దించి అత్త వైపు తిరిగాడు.

"ఇదేంది అమ్మణ్ణీ, వంటింటి గోడనా? ఆయమ్మ యాడ?"

"లోపలికి వచ్చి కూర్చోండి అన్నా. కనిపిస్తాది."

"దేవుని ముందర నిలబడి మొక్కేది మనకు అలవాటు. కూర్చుని ఎతికేది కాదు."

వెనక ఎవరో నవ్వారు. పిల్లలు "మసి, మసి" అన్నారు. ఆడవాళ్ళలో ఒకరిద్దరు లోపలికి పోయి కాసేపు నిలబడి వచ్చేశారు. కొత్తగా పెళ్ళైన జంటను దణ్ణానికి తీసుకొచ్చినవాళ్ళు, నల్లగోడ ముందు కొత్త పెళ్ళికూతురు మొక్కడం మంచిది కాదని బయటి నుంచే దణ్ణం పెట్టించారు. అది చూసి నాయన మొహం మాడిపోయింది. అత్తను పక్క చేలో ఉన్న కొట్టం వెనక్కి తీసుకెళ్ళాడు. నేను వెంట పోయాను.

"అక్కా, ఒక మొగం రాసేయ్. చిన్నదే. ఒక మూల్లో. వాళ్ళకు అది చాలు."

"ఎవురి మొగం?"

"ఏదో ఒకటి. ఆడమనిషి మొగం."

"నువ్వు చూసినావా ఆయమ్మను? నేను చూడలేదు. పేరు కూడా మిగల్చలేదు మనవాళ్ళు. కాలిపోయిన మనిషికి నవ్వు రాయమంటావా తమ్ముడూ?"

"అందరి ముందరా నేనే కదా చెప్పినాను, మా అక్క రాస్తాదని! ఇప్పుడు నేను ఏమని చెప్పేది?"

"నేను రాసినాననే చెప్పు," అంది అత్త. "రాసినాను కదా."

నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమో, ఇంకేమిటో. మొదటిసారి నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఆయన అడిగింది అన్యాయం కాదు. ఆమె కాదన్నదీ అన్యాయం కాదు.

పండగ వెళ్ళాక వంశంలో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. సున్నం కొట్టేయాలని కొందరన్నారు. సున్నం కొడితే టీచరమ్మను అవమానించినట్టవుతుందని పెద్దనాయనే అడ్డుపడ్డాడు. గోడ మీద ఫ్లెక్స్ కడదామన్నాడు. నాయన సరే అన్నాడు. శివకాశిలో కంప్యూటరులో చేయించి తెచ్చారు. గోడంత ఫ్లెక్స్. ఎర్రచీర, నగలు, తామరరేకుల్లాంటి మంటలు, సినిమా హీరోయిన్ లాంటి మొహంతో పేరంటాలు. పళ్ళు కనిపించేలా నవ్వుతోంది. నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించారు. మేకులు కొట్టినప్పుడు నిచ్చెన పట్టుకున్నది మా నాయన.

అత్తకు ఆ సంగతి నాయనే విరుదునగర్ పోయి చెప్పాడు, ఇంకొకరి నోట వినడం ఇష్టం లేక. ఆమె కాఫీ ఇచ్చింది. "ప్లాస్టిక్ కదా, దీపం దగ్గర పెట్టకండి, అంటుకుంటాది" అని మాత్రం చెప్పి పంపిందట.

ఆ తరవాత ఆమె శివరాత్రికి రాలేదు. కోవిల్‌పట్టిలో మా ఇంటికి వచ్చేది, అంతకు ముందులాగే. ఏమి తెచ్చినా నిలబడే ఇచ్చేది, నిలబడే నీళ్ళు తాగి పోయేది. నాయనా ఆమే వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు, మినుముల గురించి మాట్లాడుకునేవాళ్ళు. పేరంటాలి మాట ఎత్తేవాళ్ళు కాదు. ఆమె వెళ్ళాక నాయన వాకిట్లోకి పోయి, ఆమె మలుపు తిరిగేదాకా చూసేవాడు. ఏళ్ళు ఇట్లాగే పోయాయి. తగాదా అయినా ఉంటే తీర్చేవాళ్ళు. తగాదా లేదు, తీర్చేదేమీ లేదు.

ఆ మధ్యకాలంలో ఆమె మేడ మీద వేసిన బొమ్మలన్నీ ఆ గోడే. పలక మీద పలక. చిన్నవి, పెద్దవి. "ఎరుపు ఎక్కువైపోయింది పాపా," అనేది. "తొందరపడినాను. ఇంకా లోపల పెట్టాల." కనిపించని గోడను దిద్దుతూ ఉండేది. బళ్ళో రిటైరయ్యాక ఇంకా ఎక్కువైంది.

ఫ్లెక్స్ దిగిన సంగతి చెప్పాలి.

ఒక శివరాత్రికి పెట్టె తెరిచే వేళయింది. పెట్టె అవ్వకు అప్పటికి నడవడం కష్టంగా ఉంది. ఇద్దరు పట్టుకుని లోపలికి తీసుకొచ్చి పెట్టె పక్కన కూర్చోబెట్టారు. అవ్వ తాళం చేతిలో పట్టుకుని, తెరవకుండా, గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. అందరం వేచి ఉన్నాం.

"ఆ బొమ్మ తీసేయండిరా," అంది.

పెద్దనాయన వినబడనట్టు వంగాడు. "ఏందవ్వా?"

"ఆ బొమ్మ నాకొద్దు. ఎప్పుడు చూసినా నా పక్క చూసి నవ్వతానే ఉంటాది. నాకు ఏడుపు వస్తే ఎవురి ముందర ఏడ్చేది?"

అవ్వకు ముందటి ఏడే చిన్న కొడుకు పోయాడు. అందరికీ తెలుసు. అప్పటిదాకా ఆమె ఎవరి ముందూ ఏడవలేదని మాత్రం ఎవరూ గమనించలేదు.

"ఇన్నేళ్ళు చెప్పలేదే అవ్వా?" అన్నాడు పెద్దనాయన, మెల్లగా.

"మీరు అడగలేదే. ఆ టీచరుబిడ్డ ఒకతే అడిగింది."

నాయన లేచాడు. బయటికి పోయి స్టూలు తెచ్చుకుని, గొడ్డలి మొనతో మేకులు పీకాడు. ఫ్లెక్స్ జారి కుప్పగా కింద పడింది. వెనక గోడ అట్లాగే ఉంది, మేకులున్న చోట పెళ్ళలు ఊడి తెల్లటి సున్నం కనిపిస్తూ. అవ్వ అందర్నీ బయటికి పొమ్మంది. తలుపు దగ్గరగా వేశాం. లోపల అవ్వ ఏడుస్తున్నది వినిపించింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి పోయారు. ఈసారి నిలబడి తిరిగి రాలేదు, కూర్చున్నారు.

మరుసటి రోజు నాయన నన్ను తీసుకుని విరుదునగర్ పోయాడు. అత్త పొయ్యి దగ్గర నిలబడి ఉప్మా కలుపుతోంది.

"తీసేసినాం అక్కా."

"దేన్ని?"

"ఫ్లెక్స్‌ను."

అత్త గరిటె ఆపింది. "ఎవురు తీయమన్నారు?"

"పెట్టె అవ్వ."

అత్త పొయ్యి ఆర్పేసింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. నాయన ఇంకేదో చెప్పబోయాడు. ఎన్నేళ్ళుగానో చెప్పాలనుకున్నదే అయి ఉంటుంది. "నేను అప్పుడు నిచ్చెన..." అన్నాడు. ఆమె వినిపించుకోలేదు, లేక వినకూడదనుకుంది. "మేకులు పీకినప్పుడు సున్నం ఊడిందా?" అని అడిగింది. ఊడిందన్నాడు. "ఎంత మేర?" చేత్తో చూపించాడు. అప్పటికే ఆమె బకెట్లో రంగు డబ్బాలు సర్దుకుంటోంది.

మేము పేరంటాలి ఇంటికి చేరేసరికి గదిలో పెట్టె అవ్వ ఉంది. తనను అక్కడికి తీసుకురమ్మని పొద్దున్నే మనవడితో చెప్పిందట. గోడకు ఎదురుగా, కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్త గడప దగ్గర ఆగిపోయింది. బకెట్టు కింద పెట్టింది.

"అవ్వా, గోడ కొంజం సరి చేయాల. ఎరుపు ఎక్కువైంది."

అవ్వ తల తిప్పలేదు. "నాకు సరిగ్గానే ఉండాది. నేను పోయినాక చేసుకో."

ఎక్కడికి పోయినాక అన్నది అత్త అడగలేదు. బయటికి వచ్చి చేనుగట్టు మీద నడవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమైంది. నాయన వేపచెట్టు కింద పొట్లం విప్పి తినమన్నాడు. నడుస్తూనే తింది. రెండుసార్లు వాకిట్లోంచి తల పెట్టి చూసింది. అవ్వ కదల్లేదు. ఎండ వాలింది. అవ్వ మనవడు వచ్చేసరికి మా బస్సు వేళయింది. అత్త బ్రష్షు తడపకుండానే బకెట్టు ఎత్తుకుంది.

బస్టాపులో నాయన, "అక్కా, సుమ్మా వదిలేయ్. బాగుండాది" అన్నాడు.

"నీకేం తెలుసు? మళ్ళీ వస్తా. ఆ ఎరుపు సరి చేయాల."

ఆ మాట చివరిదాకా అంటూనే ఉంది. మోకాళ్ళు సహకరించలేదు, షుగరు పెరిగింది, కంటికి ఆపరేషనైంది. ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ అడిగేది, అవ్వ ఇంకా వస్తా ఉందా అని. వస్తోందని చెప్పేదాన్ని. "సరి, సరి" అనేది. ఆ సరిలో ఉన్నది సంతోషమో, గోడ దిద్దనివ్వడం లేదన్న విసుగో నాకు తెలిసేది కాదు. ఆమె గోడ అవ్వకు నచ్చింది. ఆమెకు నచ్చలేదు. ఈ రెండూ ఒకే గోడ మీద ఎట్లా ఉంటాయో నాకు ఎవరూ చెప్పలేదు.

ఆమె పోయిన రోజు విరుదునగర్‌లో మేడ మెట్లెక్కి పోయేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. కుర్చీ మూలకు జరిపారు. అది ఆమె బొమ్మల వైపు తిరిగి ఉండిందో, కిటికీ వైపో నేను అడగలేదు. అడగాలని ఇప్పుడు అనిపిస్తోంది, అడగకపోవడమే మంచిదనీ అనిపిస్తోంది. బళ్ళో ఆమె దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు, కొందరు శివకాశి పనిచోటు నుంచి యూనిఫారాలతోనే. పెద్దనాయన కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆమె కుడిచేతిని చూసి, "పావం, ఈ చెయ్యి మన ఇంటికి పని చేసిన చెయ్యి" అన్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా నల్లరంగు ఉంది. స్నానం చేయించిన ఆడవాళ్ళు అది వదిలించలేకపోయారు.

కర్మలైపోయాక నాయన ఇంట్లో కుదురుగా ఉండలేకపోయాడు. నేనూ అంతే. ఏ పని మొదలుపెట్టినా మధ్యలో వదిలేస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన సున్నపు డబ్బా, అది పూసే కరణీ సంచిలో వేసుకుని, "ఆ మేకుల బొక్కలు పూడ్చి వద్దాం రా" అన్నాడు. రంగు దిద్దడం మాకు రాదు. బొక్కలు పూడ్చడమైనా చేద్దామన్నది ఆయన ఆలోచన.

చేలల్లో పత్తి తీత నడుస్తోంది. పేరంటాలి ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. వాకిట్లో మావాళ్ళవి కాని చెప్పులు ఒక జత, నీళ్ళ సీసా. లోపల పత్తి తీసే కూలీమనిషి ఒకామె, మా వంశం కాదు, మా ఇంటి ఆడవాళ్ళకు తెలిసిన మొహం కూడా కాదు, వెనక గోడకు ఒరిగి నిద్రపోతోంది. ఎండకు పనిచేసి వచ్చిన నిద్ర. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. జుట్టులో పత్తిపోచలు. ఆమె తల ఆనిన చోట గోడ మీద తలనూనె మరకలున్నాయి, ఒకటి కాదు, ఎన్నో, ఒకదాని మీద ఒకటి. మాకు తెలియకుండా ఇక్కడ ఇంకా ఎంతమంది వచ్చి కూర్చుంటున్నారో!

వంశం కానివాళ్ళు ఆ గడప దాటకూడదన్నది మా పెద్దల కట్టు. నాయన ఆ కట్టును ఎప్పుడూ తప్పనివాడు. నేను ఆయన వైపు చూశాను.

"లేపమంటావా నాయనా?"

ఆయన సంచి నేల మీద పెట్టాడు. లోపలికి చూశాడు, చేల వైపు చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు.

"వద్దులే," అన్నాడు, గొంతు తగ్గించి.

వెళ్ళిపోవడమా, ఉండడమా తేల్చుకోలేక ఇద్దరం వాకిట్లోనే కూర్చున్నాం. నా కళ్ళు మెల్లగా లోపలి చీకటికి అలవాటు పడ్డాయి. ఆమె తల వెనక నుంచి ఎరుపు బయటికి వస్తోంది. ఎక్కువైందో, తక్కువైందో నేను చెప్పలేను. నిద్రలోనే ఆమె ఒక పక్కకు ఒత్తిగిల్లి, చెంప గోడకు ఆనించుకుంది.